కావ్యగోష్ఠి: కొన్ని అపోహలు - వాస్తవాలు

చెన్నైలో స్థిరపడిన తెలుగు మిత్రులం కొందరం నెలకొకసారి ఒకరి ఇంట్లో కూర్చుని పాత కావ్యాలూ నాటకాలూ కలిసి చదువుకుంటాం. ఆ గోష్ఠిని నడిపే బాధ్యత నాది. కొత్తగా చేరదలచినవారు తరచుగా వెలిబుచ్చే సందేహాలనే ఇక్కడ అపోహలుగా తీసుకున్నాను.

అపోహ: ఛందస్సు తెలియనివారికీ, తెలుగు లిపి చదవలేనివారికీ ఇందులో చోటు లేదు.

వాస్తవం: ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో తమిళమో ఇంగ్లీషో చదువుకున్నవారు ఈ నగరంలో ఎందరో ఉన్నారు. మాలో ఒకరు పద్యాన్ని మొదట రాగయుక్తంగానూ, తరువాత పదాలు విడదీసీ బిగ్గరగా చదువుతారు. ఆ పైన టీకాతాత్పర్యాలు చూస్తాం. ఈ నగరంలోనే అచ్చయిన వావిళ్ల వారి పాత ప్రతులు దొరికితే వాటిని వదలం. లిపి రానివారు విమర్శ గ్రంథాలు చదివి ఉండరు కనుక, విన్న కథనే పట్టుకుని సూటిగా ప్రశ్నిస్తారు. గోష్ఠికి అది లాభమే.

అపోహ: ప్రతి కావ్యంలోనూ ఒక నీతి ఉంటుంది, దానిని పట్టుకుంటే చర్చ ముగిసినట్లే.

వాస్తవం: అల్లసాని పెద్దన మనుచరిత్ర అనగానే అందులోని బ్రాహ్మణుడు ప్రవరుని ఇంద్రియనిగ్రహమే దాని సారమని చెప్పేవారే ఎక్కువ. కోరిన చోటికి చేర్చే, సిద్ధుడిచ్చిన పాదలేపం మంచుకు కరిగిపోగా హిమాలయంలో చిక్కుకున్న ప్రవరుడు దారి అడిగితే, అప్సరస వరూధిని "ఇంతలు కన్నులుండఁ దెరు వెవ్వరి వేఁడెదు భూసురేంద్ర" (ఇంతేసి కళ్లుండగా దారి ఎవరిని అడుగుతావు) అంటుంది. అది పరిహాసమా, ఆహ్వానమా అన్న ఒక్క ప్రశ్న మీద మాకు ఒక సాయంకాలమంతా గడిచిపోయింది. అంతకంటే పెద్ద చిక్కు ముందుంది. ప్రవరుడు అగ్నిదేవుని అనుగ్రహంతో ఇల్లు చేరిన తరువాత కూడా ఆరు ఆశ్వాసాల ఈ కావ్యం సాగుతూనే ఉంటుంది. ప్రవరుని రూపం ధరించిన గంధర్వునికీ వరూధినికీ స్వరోచి పుడతాడు, కావ్యానికి ఆ పేరు రావడానికి కారణమైన మనువు ఆ స్వరోచి కొడుకు. నిగ్రహమే పెద్దన చెప్పదలచిన సంగతి అయితే, ఆ మనువు వంశం ఒక మోసపు కలయిక నుంచి ఎందుకు వచ్చింది? దీనికి మాలో ఇద్దరి సమాధానాలు కలవలేదు, కలవాలని నేను కోరనూ లేదు.

కన్యాశుల్కాన్ని సంస్కరణ నాటకమని ఒక్క మాటలో తేల్చేవారికి ఇంకో రెండు సంగతులు గుర్తుచేస్తాను. సంస్కరణతో పాటు, తెలుగు భాష రంగస్థలానికి పనికిరాదన్న అభిప్రాయాన్ని ఖండించడం కూడా తన ఉద్దేశమని గురజాడ 1897 నాటి పీఠికలో రాశారు. 1909లో ఆ నాటకాన్ని బాగా పెంచి తిరగరాశారు.

అపోహ: గోష్ఠి ముగిసేసరికి అందరూ ఒక్క మాట మీదికి రావాలి.

వాస్తవం: అక్కరలేదు. వాదించేవారు తమ మాటకు ఆధారమైన పద్యాన్ని చూపిస్తే చాలు.

అపోహ: పాత సాహిత్యమంతా భక్తి, నీతి, లేదా నలుగురిలో చదవరాని శృంగారం.

వాస్తవం: శృంగారమన్న ఈ అభ్యంతరానికి మన నగరంలోనే ఒక చరిత్ర ఉంది. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనాన్ని గాయని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో మద్రాసులో పరిష్కరించి ప్రచురిస్తే, అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. తాను పెంచిన ఇళాదేవిని తానే కృష్ణునికిచ్చి పెళ్లి చేసిన రాధ, ఆ తరువాత ఈర్ష్యతో, విరహంతో కుమిలిపోవడం ఇందులోని కథ. ఇచ్చిన తరువాత కోపగించే హక్కు రాధకు ఉందా అన్న చర్చలో, అంతవరకు నోరు విప్పని పెద్దవయసు స్త్రీలే ఎక్కువసేపు మాట్లాడారు. కొన్ని పద్యాల దగ్గర ఇబ్బందిపడేవారు లేచి కాఫీకి వెళ్లవచ్చు. పద్యాన్ని మాత్రం మేము దాటవేయము.