లక్ష్యం పెట్టుకుంటే దేవుని చిత్తానికి ఎదురెళ్లినట్టా? అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం ఆరాధన అయిపోయాక ఒక అమ్మాయి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. చెప్పులు వేసుకుంటుంది, మళ్లీ విప్పుతుంది. "ఏమ్మా?" అని అడిగేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. నర్సింగ్ కోర్సుకి దరఖాస్తు గడువు గురువారంతో అయిపోయిందట. మార్కులు బాగానే ఉన్నాయి. సర్టిఫికెట్లన్నీ ఫైల్లో పెట్టుకునే ఉంది. "మరి ఎందుకు వేయలేదమ్మా?" అంటే, "దేవుడు ఏదో ఒక గురుతు ఇస్తాడని చూశాను అయ్యగారూ. నా అంతట నేను నిర్ణయించుకుంటే ఆయనకి ఇష్టం ఉండదేమోనని భయమేసింది" అంది.

ఒడిశాలోని రాయగడలో తెలుగు సంఘంలో యవనస్థుల మధ్య పరిచర్య చేయబట్టి 19 ఏళ్లయింది. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ పిల్లని ఒక్క మాట అనడానికి నాకు మనసు రాలేదు. దేవుణ్ని బాధపెట్టకూడదన్న భయం మంచిదే. ఆ భయానికి తప్పుడు బోధ తోడవడమే నా బాధ.

అపోహ: "దేవుడు చూపించేదాకా మనం ఏ లక్ష్యమూ పెట్టుకోకూడదు. పెట్టుకుంటే అవిశ్వాసం."

దీన్ని ఎవరు మొదట చెప్పారో గానీ, సరిహద్దుకి ఇటూ అటూ ప్రతి కూటంలోనూ తిరుగుతోంది. నెహెమ్యా గ్రంథం తీసి చూడండి. ఆయన కట్టించిన యెరూషలేము గోడ 52 దినాల్లో పూర్తయిందని సాక్ష్యాల్లో అందరూ చెబుతారు. అంతకు ముందు కిస్లేవు నెల నుంచి నీసాను నెల దాకా, దాదాపు నాలుగు నెలలు, ఆయన ఏం చేశాడో ఎవరూ చెప్పరు. ఏడ్చాడు, ఉపవాసం ఉన్నాడు. నిజమే. కానీ పారసీక రాజు "నీకేం కావాలి?" అని అడిగిన రోజున ఎన్నాళ్లు పడుతుందో చెప్పగలిగాడు. నది అవతలి అధికారులకు ఉత్తరాలు కావాలన్నాడు. మ్రాను కోసం అడవులు కాసే ఆసాపుకి ఉత్తరం కావాలన్నాడు. అంటే ప్రార్థిస్తూనే లెక్క వేసుకున్నాడన్నమాట. ప్రభువే స్వయంగా గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగాడు కదా.

సామెతలు 16:9 మన సంఘాల్లో అందరికీ కంఠతా వచ్చు. యెహోవా వాని నడతను స్థిరపరచును అన్న భాగాన్ని గట్టిగా చెబుతారు. దానికి ముందు "మనుష్యుడు తనచేయబోవునది హృదయములో యోచించుకొనును" అని ఉంది. అడుగే వేయకపోతే ఆయన స్థిరపరిచే నడత ఏది?

గిద్యోను నేల మీద గొఱ్ఱెబొచ్చు పరిచి, మంచుతో గురుతు చూపమని దేవుణ్ని అడిగిన సంగతి కూడా ఇలాగే వాడుకుంటున్నారు. దేవుడు ఏం చేయమన్నాడో గిద్యోనుకి అప్పటికే తెలుసు. దేవుడు చెప్పిన మాట తనకు గుర్తుందని గురుతు అడిగినప్పుడు తన నోటితోనే అన్నాడు. చిత్తం తెలియక కాదు, బెదిరి అడిగాడు. దేవుడు అతని మీద జాలిపడ్డాడు. అంతే తప్ప, కాలేజీ ఎంచుకోవడానికి అది పద్ధతి కాదు.

ఇది నేను పుస్తకం చూసి చెబుతున్న మాట కాదు. నా 22వ ఏట బరంపురంలో బి.ఎడ్. సీటు వచ్చింది. సోమవారంలోగా ఫీజు కట్టాలి. శనివారం రాత్రి కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టాను. వంశావళి పేర్లు వచ్చాయి. మళ్లీ తెరిస్తే లేవీయకాండంలో బలుల సంగతి వచ్చింది. మూడోసారి తెరవాలంటే చేతులు వణికాయి. మంచం మీద పడుకున్న నాన్న లేచి కూర్చుని, "చదవాలని ఉందా లేదా అది చెప్పరా. ప్రార్థన నేనూ చేస్తాను" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. సోమవారం పోయింది, సీటూ పోయింది. ఏడాదిపాటు బట్టల కొట్లో పద్దులు రాశాను. దేవుడు ఆ ఏడాదిని కూడా వృథా చేయలేదు, ఆయన కృప. కానీ అది ఆయన చిత్తమని నేను ఏనాడూ చెప్పుకోలేదు. నా భయాన్ని ఆయన మీద తోసేయడం నాకు ఇష్టం లేదు.

"మరి రేపటిని గూర్చి చింతింపకుడి అని ఉంది కదా అయ్యగారూ?" అంటారు. చింత వేరు, సిద్ధపాటు వేరు. వివరించి చెప్పాల్సినంత కష్టమైన సంగతి కాదిది.

అపోహ: "యిర్మీయా 29:11 వాగ్దానం కార్డులో వచ్చింది, ఈ ఏడాది నా ఉద్యోగం ఖాయం." డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వచనం రాసి ఉన్న కార్డు తీసుకుని జనవరిలో చేతులు కట్టుకుని కూర్చునే పిల్లల్ని చూస్తే నాకు ఓపిక నశిస్తుంది. ఆ మాట బబులోను చెరలో ఉన్నవాళ్లకి రాసిన ఉత్తరంలోది. పదో వచనంలోనే 70 ఏళ్లని ఉంది. అయిదో వచనంలో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి అని ఉంది. వాగ్దానంతో పాటు పని కూడా చెప్పాడు.

మా దగ్గర ఒక కుర్రాడు పార్వతీపురంలో తెలుగు మీడియంలో పది చదివాడు. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగం కోసం రెండేళ్లు కన్నీటి ప్రార్థన చేశాడు. ఇక్కడ ఉద్యోగానికి మిడిల్ స్కూల్ స్థాయి ఒడియా పాసై ఉండాలి. ఆ పరీక్ష సంగతే పట్టించుకోలేదు. అతనితో నోటుబుక్కు తెప్పించాను. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో "ప్రభుత్వ ఉద్యోగం, ఆమేన్" అని ఉంది. కింద అంతా ఖాళీ. ఇద్దరం కూర్చుని ఒడియా పరీక్ష అని రాశాం. రోజూ సాయంత్రం ఏడింటికి ఒడియా చదివించడానికి పక్కింటి మాస్టారి పేరు రాశాం. అన్నిటికీ అడుగున అతనే "ప్రభువు చిత్తమైతే" అని రాసుకున్నాడు. యాకోబు 4:15 చెప్పింది అదే. "ఇది అది చేతము" అన్న మాట కూడా ఆ వచనంలోనే ఉంది.

అపోహ: "అనుకున్నది జరగలేదంటే దేవునికి ఇష్టం లేదన్నమాట, నేనే తప్పిపోయాను." పౌలు స్పెయినుకి వెళ్తానని రోమా సంఘానికి రాశాడు. చివరికి రోముకి చేరింది ఖైదీగా. మిషనరీ విలియం కేరీ మొదట తాహితి దీవికి వెళ్లాలనుకున్నాడు, వచ్చింది బెంగాలుకి. మన ఒడియా సోదరుల చేతిలో కొత్త నిబంధన పెట్టింది ఆయనే, 1809లో. 1812లో బెంగాలులోని శ్రీరాంపూర్‌లో ఆయన ముద్రణాలయం తగలబడి రాతప్రతులు బూడిదైతే మళ్లీ మొదటి నుంచి కూర్చుని రాశాడు. పౌలుకి అన్నిటికన్నా పైన ఒక్క గురి ఉంది, 2 కొరింథీయులు 5:9లో: ఆయనకిష్టులమై యుండవలెనని. స్పెయిను ప్రయాణం దాని కింద ఒక పని. పని మారితే గురి చెడిపోదు.

సేవకుడు కావడమే ఆత్మీయ లక్ష్యం, మిగతావి లోకసంబంధం అన్నదీ వట్టి మాటే. నర్సు సూది వేసేది కూడా ప్రభువు కోసమే కావచ్చు. జీతం ఎంత కావాలో రాసుకోవడం పాపమా అని అడుగుతారు. కాదు. ఆ జీతంతో ఎవరెవరి కడుపు నిండాలో చూసుకోండి.

ఆ అమ్మాయి మంగళవారం మళ్లీ వచ్చింది, నోటుబుక్కుతో. ఇంకో రెండు కోర్సుల చివరి తేదీలు కనుక్కుని రాసుకుంది. ఫైలు విప్పి చూస్తే రెసిడెంట్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒకలా, మార్కుల జాబితాలో ఇంకోలా పడి ఉంది. రేపు పొద్దున్నే ప్రార్థన చేసుకుని వాళ్లమ్మ, ఆమె, నేను తహసీల్ ఆఫీసుకి బయల్దేరుతున్నాం.