చెక్క పనిలో ఎపాక్సీ అతుకులు: అపోహలు – వాస్తవాలు

అపోహ: క్లాంపు ఎంత బిగిస్తే అతుకు అంత గట్టి.

ఇది ఫెవికాల్ అలవాటు. తెల్ల జిగురుకి ఒత్తిడి కావాలి, రెజిన్, హార్డెనర్ అనే రెండు భాగాలు కలిపితే గట్టిపడే ఎపాక్సీకి అక్కర్లేదు. మరీ బిగిస్తే రెజిన్ పక్కలకి కారిపోయి లోపల జిగురు చాలని ఎండు అతుకు మిగులుతుంది. ముక్కలు కదలకుండా, అంచు పొడవునా సన్నటి పూసలా జిగురు తేలితే చాలు. అడ్డకోత (నారకి అడ్డంగా కోసిన కొన) దగ్గర ఇంకో తిరకాసు ఉంది: చెక్క రెజిన్‌ని తాగేస్తుంది. ముందు పల్చటి రెజిన్ ఒక పూత వేసి, పది నిమిషాలాగి, ఇంకిన చోట మళ్లీ తడపాలి. ఆ తర్వాతే జల్లించిన రంపపు పొట్టు కలిపిన ముద్ద రాయాలి. బొబ్బిలి ఏకాండి వీణలో కుండా (బుర్ర) దండీ (మెడ) ఒకే పనస దుంగ కాబట్టి అక్కడ ఈ గొడవ లేదు. కుర్చీ కాళ్లకి ఆ భాగ్యం లేదు.

అపోహ: హార్డెనర్ ఎక్కువ వేస్తే త్వరగా బిగుస్తుంది.

బిగవదు. మిగిలిన హార్డెనర్ లోపలే ఉండిపోయి అతుకు మెత్తబడుతుంది. స్టాండర్డ్ అరాల్డైట్ ఎపాక్సీకి పరిమాణంలో (వాల్యూమ్) రెండూ సమపాళ్లు, తూకంలో 100 గ్రాముల రెజిన్‌కి 80 గ్రాముల హార్డెనర్. త్రాసు మీద పెట్టి సమానంగా పోసేవాళ్లే ఎక్కువ మంది! మే ఎండల్లో కలిపిన ముద్దని గిన్నెలో ఉంచితే దాని వేడికి అదే గట్టిపడిపోతుంది. పళ్లెంలో పలచగా పరిస్తే పనికి టైము దొరుకుతుంది.

అపోహ: టేకుకి ఎపాక్సీ పట్టదు.

పడుతుంది. 80 నంబరు ఎమరీతో రుద్ది, అసిటోన్ గుడ్డతో తుడిచి, ఆరగానే జిగురు రాయాలి. రేపటికి వదిలేస్తే టేకులో ఉండే నూనె మళ్లీ పైకొస్తుంది.

కళింగపట్నం, భావనపాడు లాంటి తీరపు ఊళ్లలో తేమకి ఎండిన ఎపాక్సీ మీద మైనంలాంటి పొర తేలుతుంటుంది. దాని మీద రెండో పూత నిలవదు. అసిటోన్‌తో తుడిస్తే పొర పరుచుకుంటుందే తప్ప పోదు. నీళ్లు పోసి పీచుతో రుద్ది, ఆరాక ఎమరీ పట్టాలి.

అపోహ: మర్నాడు చేత్తో లాగితే ఊడలేదు, కాబట్టి పాసు.

పూర్తి బలం రావడానికి వారం దాకా పడుతుంది. పనికి వాడిన అదే పలక నుంచి రెండు పరీక్ష ముక్కల్ని, అదే కలిపిన జిగురుతో అంగుళం మేర ఒకదాని మీదొకటి అంటించి ఉంచుకోండి. వారం తర్వాత వైసులో బిగించి, అతుకులోకి ఉలి దింపి సుత్తితో కొట్టండి. విరిగిన చోట రెండు వైపులా చెక్క నార చిరిగి ఉంటే అతుకు మంచిది. ఒక వైపు జిగురు నున్నగా మెరుస్తూ ఊడితే చెక్క మీద నూనో, మైనపు పొరో ఉన్నట్టు. జిగురు జాడే లేక పొడిగా కనిపిస్తే క్లాంపు ఎక్కువ బిగించారు, లేదా చెక్క తాగేసింది.

పడవకో, బయటి తలుపుకో అయితే ఇంకో ముక్కని నాలుగు గంటలు నీళ్లలో ఉడకబెట్టి, పూర్తిగా చల్లారాకే విరగ్గొట్టండి. వేడి మీద ఎపాక్సీ మెత్తగా ఉంటుంది, మంచి అతుకు కూడా ఊడిపోవచ్చు. ఆ గిన్నెలో మళ్లీ వంట మాత్రం చేయొద్దు.