కౌబాయ్ టోపీ: అపోహలు - వాస్తవాలు

డాలస్‌లో ఓ టోపీల దుకాణంలో, ఆవిరి పట్టి టోపీలకు రూపం తెచ్చే పని నాది. మా దగ్గరికి వచ్చే తెలుగువాళ్లలో కృష్ణగారి కౌబాయ్ సినిమాలు చూసి పెరిగినవాళ్లే ఎక్కువ. అందుకేనేమో, కొన్ని మాటలు పదే పదే వింటుంటాను.

అపోహ: అప్పటి కౌబాయ్‌లందరూ ఈ టోపీయే పెట్టుకునేవారు.

వాస్తవం: ఎవరికి దొరికింది వాళ్లు పెట్టుకున్నారు. 1900లో టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో బుచ్ కాసిడీ, సన్‌డాన్స్ కిడ్ ముఠా దిగిన ఫొటో చూడండి. పేరుమోసిన ఆ దొంగలు గుండ్రటి బౌలర్ టోపీలు పెట్టుకుని, పెళ్లికి బయల్దేరిన పట్నం బాబుల్లా ఉంటారు. వెడల్పు అంచు టోపీ అంతకు ముందే మెక్సికో పశుకాపరులకు, అంటే వకేరోలకు ఉంది. అమెరికా కౌబాయ్‌లు తాడు విసరడం దగ్గర్నుంచి చాలా పనులు వాళ్ల దగ్గరే నేర్చుకున్నారు.

అపోహ: నెత్తిన నొక్కు, పైకి తిరిగిన అంచు మొదటినుంచీ ఉన్నాయి.

వాస్తవం: టోపీల తయారీదారు జాన్ బి. స్టెట్సన్ 1865లో ఫిలడెల్ఫియాలో తెచ్చిన 'బాస్ ఆఫ్ ది ప్లెయిన్స్' టోపీకి అవేవీ లేవు. అంచు చదునుగా, పైభాగం గుండ్రంగా ఉండేది. నొక్కులు వాడినవాళ్లు పెట్టుకున్నవే. ఫెల్ట్ గుణం వల్లే అది కుదిరింది. బీవర్, కుందేలు లాంటి జంతువుల బొచ్చును వేడి, తడి, ఒత్తిడితో బిగిస్తే ఫెల్ట్ తయారవుతుంది. అందులో నేత ఉండదు. పోగులు ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి కాబట్టి వాన చినుకు వెంటనే లోపలికి దిగదు. ఆవిరి పడితే మెత్తబడి చెప్పినట్టు వింటుంది, ఆరాక అదే ఆకారంలో నిలుస్తుంది. నాకు ఈ టోపీ మీద మోజంతా ఇక్కడే.

'టెన్ గ్యాలన్' అని పేరున్న ఎత్తైన కౌబాయ్ టోపీలో పది గ్యాలన్ల నీళ్లు పడతాయా అని అడిగేవాళ్లూ ఉన్నారు. అంటే దాదాపు 38 లీటర్లు! మూడు లీటర్లు పడితే గొప్ప.

అపోహ: ఫెల్ట్ నాణ్యత తెలిపేందుకు లోపల వేసే ఎక్స్ (X) గుర్తులు ఎక్కువుంటే టోపీ మంచిది.

వాస్తవం: ఒకే కంపెనీ టోపీలను పోల్చుకోవడానికైతే పర్వాలేదు. కంపెనీ మారితే లెక్కా మారుతుంది. గుర్తులు లెక్కపెట్టడం మానేసి ఫెల్ట్‌ను వేళ్లతో తడిమి చూడండి.

అపోహ: టోపీని బోర్లా పెడితే ఆకారం చెడదు.

వాస్తవం: వెల్లకిలా పెట్టాలి, లేకపోతే అంచు వంపు పోతుంది. ఎండలో కారులో మాత్రం వదలకండి. లోపలి తోలుపట్టీ ముడుచుకుని టోపీ బిగుతైపోతుంది. తెస్తే కాస్త సాగదీయగలను గానీ, కొన్నప్పటి కొలత మళ్లీ వస్తుందని మాటివ్వలేను.