సిస్టు ఆపరేషన్ అయ్యాక పక్క మంచం ఆమె చెప్పే మాటలు: అపోహలు, వాస్తవాలు

గైనిక్ వార్డులో నర్సుని. అండాశయంలో సిస్టు (ద్రవంలాంటిదేదో నిండిన తిత్తి) తీయించుకుని వచ్చినవాళ్లకు మేం చెప్పేది ఒక ఎత్తు, పక్క మంచం ఆమె చెప్పేది ఒక ఎత్తు. ఎక్కువగా చెవికెక్కేది రెండోదే. ఆ నొప్పి నిన్ననే పడ్డ మనిషి కదా, ఆమె మాట నమ్మబుద్ధేస్తుంది. నేనూ వద్దనను. కాకపోతే ఆ మాటల్లోనే కొన్ని అపోహలు కూడా దొర్లిపోతుంటాయి.

అపోహ: భుజం లాగేస్తోందంటే గుండెకేదో అయినట్టే.

కీహోల్ ఆపరేషన్ (పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ చేసేది) అయిన రాత్రి మాకు ఎక్కువగా మోగే బెల్లు ఇదే. ఒకామె కుడి భుజం పట్టుకుని చెమటలు పట్టి కూర్చుంది. "సిస్టర్, కోసింది పొట్ట దగ్గర, నొప్పి ఇక్కడేంటి?" అంది. నేను బీపీ, పల్స్ చూసేలోపే పక్క మంచం నుంచి జవాబొచ్చింది: "నిన్న నాకూ ఇంతేనమ్మా. అది గ్యాసు. పొద్దున్నే లేచి నాలుగడుగులు వెయ్యి."

నూటికి నూరుపాళ్లు సరైన మాట. లోపల స్పష్టంగా కనపడటానికి పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తారు. చివర్లో తీసేసినా కొంచెం మిగిలిపోయి, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం పొరను చికాకు పెడుతుంది. ఆ పొరకు వెళ్లే నరమూ, భుజం పైభాగపు నరాలూ మెడలో దాదాపు ఒకే చోట మొదలవుతాయి. అందుకే మెదడుకు అది భుజం నొప్పిలా తోస్తుంది. ఎక్కువమందికి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. ఛాతీలో నొప్పి, ఆయాసం ఉంటే మాత్రం గ్యాసని సరిపెట్టుకోకూడదు. వెంటనే పిలవాలి.

అపోహ: ఎంత కదలకుండా పడుకుంటే అంత త్వరగా మానుతుంది.

ఇది ఇంట్లోవాళ్ల ప్రేమలోంచి పుట్టిన అపోహ. కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, పేగులు కూడా బద్ధకిస్తాయి. డాక్టరు వద్దంటే తప్ప అదే రోజో మర్నాడో లేపి నడిపిస్తాం. లేవడానికి ఒక పద్ధతుంది: ముందు పక్కకు తిరగాలి, కాళ్లు మంచం కిందికి దించాలి, అప్పుడు మోచేతి మీద బరువేసి లేవాలి. వెల్లకిలా ఉన్నదాన్ని ఉన్నట్టే లేవబోతే కుట్లు లాగుతాయి. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా దిండు పొట్టకు అదిమిపట్టుకోండి. నేను పదిసార్లు చెప్పినా రానిది, ముందు రోజు ఆపరేషన్ అయినావిడ ఒక్కసారి చేసి చూపిస్తే వచ్చేస్తుంది.

అపోహ: ఆమె పది రోజుల్లో ఆఫీసుకెళ్లింది, నాకింకా నీరసమంటే ఏదో తేడా జరిగింది.

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఒకే రోజు డిశ్చార్జి అయి, ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్న ఇద్దరిని చూశాను. మూడో వారం చెకప్‌కు వచ్చినప్పుడు ఒకామె హుషారుగా ఉంది. రెండో ఆమె నన్ను పక్కకు పిలిచి ఏడ్చేసింది. "నేనే గారాబం పోతున్నానా సిస్టర్?" అని అడిగింది. మొదటామెకు డెర్మాయిడ్ సిస్టును (లోపల కొవ్వు, వెంట్రుకల్లాంటివి ఉండే రకం) కీహోల్‌లో తీశారు. ఈమెకు ఎండోమెట్రియోసిస్, అంటే గర్భాశయం లోపలి పొర లాంటిది బయట కూడా పెరిగే జబ్బు. పేగులకు అతుక్కున్నవన్నీ విడదీసి, పొట్ట కోసి చేశారు. ఇద్దరిదీ 'సిస్టు ఆపరేషనే', కానీ పోలికే లేదు.

కాబట్టి ఎవరితోనైనా పోల్చుకునే ముందు అడగండి: కీహోలా, ఓపెనా? సిస్టు ఒక్కటే తీశారా, అండాశయం కూడానా? మామూలుగా కీహోల్ అయితే కూర్చుని చేసే పనులకు ఒకటి రెండు వారాల్లో వెళ్లగలుగుతారు. ఓపెన్ అయితే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పైన గాయం మానినట్టు కనపడినా లోపలి పొరలు ఇంకా మానుతూనే ఉంటాయి. బరువులు ఎత్తొద్దనేది అందుకే.

ఒకరి దగ్గర ఒకరు తీసుకోదగ్గవి చాలానే ఉన్నాయి. ఎలా పడుకుంటే హాయి, నడుము దగ్గర బిగించని బట్టలు, మొదటిసారి విరేచనానికి వెళ్లేటప్పుడు భయం, నాలుగో రోజు కారణం లేకుండా వచ్చే ఏడుపు. "నాకూ అంతే" అన్న మాటకు మా దగ్గర మాత్ర లేదు. ఇచ్చిపుచ్చుకోకూడనివి మిగిలిపోయిన నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్‌లు. ఆమెకు పడిన మందు మీ అల్సర్‌కో, ఆస్తమాకో పడకపోవచ్చు.

అపోహ: ఒక అండాశయం తీసేస్తే ఇక పిల్లలు పుట్టరు.

రెండోది బాగా పనిచేస్తుంటే నెలసరీ వస్తుంది, గర్భమూ రావచ్చు. ఎండోమెట్రియోసిస్ సిస్టు తీసినప్పుడు మాత్రం అండాల నిల్వ కొంత తగ్గే అవకాశముంది. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ఆ సంగతి డాక్టరుతో విడిగా మాట్లాడుకోవాలి. నెలసరి ఆగే వయసు రాకముందే రెండు అండాశయాలూ తీసేస్తే మెనోపాజ్ వెంటనే మొదలవుతుంది.

అపోహ: బయాప్సీకి పంపారంటే క్యాన్సర్ అనుమానమే.

తీసిన సిస్టును ల్యాబ్‌కు పంపడం మామూలుగా జరిగేదే. సిస్టుల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కానివే. రిపోర్టు మాత్రం తప్పకుండా తీసుకోండి. టెన్షన్‌తో తీసుకోకుండా వదిలేసినవాళ్లూ ఉన్నారు!

అపోహ: తీసేశారు కాబట్టి మళ్లీ రాదు.

అండాశయం ఉన్నంతకాలం రావచ్చు. ఎండోమెట్రియోసిస్‌లో మరీను.

అపోహ: అందరికీ ఉండేదే, తగ్గిపోతుందిలే.

ధైర్యం చెప్పే మాటే ఒక్కోసారి ప్రమాదం తెచ్చిపెడుతుంది. 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, రోజురోజుకూ పెరిగే నొప్పి, ఆగని వాంతులు, గంటకో ప్యాడ్ తడిసిపోయే రక్తస్రావం, కుట్ల దగ్గర చీము, మూత్రం రాకపోవడం, ఒక పిక్క వాచి నొప్పెట్టడం, ఆయాసం. వీటిలో ఏ ఒక్కటి కనపడినా మీ ఫ్రెండుకు కాదు, ఆసుపత్రికి ఫోన్ చేయాలి.

ఇందాక చెప్పిన ఇద్దరిలో హుషారుగా ఉన్నామె ఆ తర్వాత ఒక రాత్రి వార్డుకు ఫోన్ చేసింది, తన కోసం కాదు. "ఆవిడకి ఎడమ పిక్క వాచిందట సిస్టర్, పొద్దున చూద్దాంలే అంటోంది. నేనే ఆటో ఎక్కించి తీసుకొస్తున్నాను." స్కాన్‌లో పిక్కలో రక్తం గడ్డ కనపడింది. ఆ రాత్రే రక్తం పలచబడే ఇంజెక్షన్ మొదలుపెట్టాం. తీసుకొచ్చిన ఆమె తెల్లారేదాకా పక్కన కుర్చీలోనే కూర్చుంది.