కరిమీన్‌కి ఏం పెట్టాలి?

అక్వేరియం దుకాణంలో పెద్ద సిక్లిడ్ (తిలాపియా కూడా చేరే ఒక చేపల కుటుంబం) అడిగితే ఆస్కారో, ఫ్లవర్‌హార్నో చూపిస్తారు. వాటికి రొయ్యలు, పురుగులు కావాలి. ఆ అలవాటుతో నాచు తినే సిక్లిడ్‌కీ అదే మేత వేస్తే దాని పొట్ట ఉబ్బుతుంది, పేగులు పాడవుతాయి. అలాంటి శాకాహార సిక్లిడ్ మన నీళ్లలోనే ఉంది. అదే కరిమీన్, శాస్త్రీయ నామం ఎట్రోప్లస్ సురాటెన్సిస్. భారతదేశానికి సొంతమైన సిక్లిడ్లు మూడే. వాటిలో ఇదే పెద్దది, మామూలుగా 20 సెంటీమీటర్లు, అరుదుగా 40 దాకా పెరుగుతుంది. 2010లో కేరళ దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది గానీ, మన పులికాట్ సరస్సులోనూ ఇది ఉంది.

నాచును అరిగించుకోవడం తేలిక కాదు. ఒక్కో కణం చుట్టూ గట్టి గోడ ఉంటుంది. సిక్లిడ్లకు గొంతులో ఇంకో జత దవడలుంటాయి, మేత అక్కడ నలుగుతుంది. శాకాహార చేపలకు పేగూ పొడవే. ఉగాండాలోని జార్జ్ సరస్సులో తిలాపియాల మీద మోరియార్టీ అనే శాస్త్రవేత్త చేసిన పరిశోధన 1973లో అచ్చయింది. నాచు కణాలను విప్పేది కడుపులోని ఆమ్లమేనని, దాని పీహెచ్ (ఎంత తగ్గితే ఆమ్లం అంత ఘాటు) 2 కన్నా కిందికి పడిపోతుందని ఆయన చూపించారు. అయితే ఆ ఆమ్లం తెల్లవారేసరికి సిద్ధంగా ఉండదు, మేత మొదలయ్యాకే ఊరుతుంది. అందుకే పొద్దున తిన్న మొదటి నాచు పచ్చగానే బయటికి వచ్చేస్తుంది! కరిమీన్ వేరే శాఖ చేప కాబట్టి ఆ అంకెలు దీనికి అంటగట్టకూడదు. కానీ పగలంతా కొద్దికొద్దిగా మేయడం దీనికీ అలవాటే. ఒక్కపూట గుప్పెడు గుళికలు పోసి చేతులు దులుపుకుంటే సరిపోదు.

పాలకూరో తోటకూరో బాగా కడిగి, మరిగే నీళ్లలో నిమిషం ముంచి, చల్లార్చి, రాయికి కట్టి వదలండి. కీర ముక్కలు, తొక్క తీసిన పచ్చి బఠాణీలు, స్పిరులినా అనే నాచుతో చేసిన గుళికలు మార్చి మార్చి పెట్టండి. వారానికోసారి చిన్న రొయ్య ముక్క పర్వాలేదు, కోడి గుండె మాత్రం వద్దు. సాయంత్రానికి మిగిలిన ఆకు తీసేయాలి.

అన్నిటికన్నా మంచి మేత డబ్బు పెట్టి కొనేది కాదు. ట్యాంకు నీళ్లు పోసిన బకెట్లో నాలుగు నున్నటి రాళ్లు వేసి, ఎండ తగిలేచోట రెండు వారాలుంచితే పచ్చటి పొర పడుతుంది. ఆ రాయి ట్యాంకులో దించి చూడండి. కరిమీన్ ఒంటిని కాస్త పక్కకి వంచి, పెదవులు ఆనించి, చటుక్కున లాగుతుంది. లాగిన చోటల్లా రాయి మీద చిన్న తెల్లటి గాటు కనిపిస్తుంది.

ఇది కాస్త ఉప్పు నీటి చేప. వంటింటి ఉప్పు కాకుండా సముద్రపు అక్వేరియం ఉప్పు కొద్దిగా కలపాలి. ఖనిజాలు ఎక్కువున్న కఠినమైన బోరు నీళ్లు దీనికి ఇబ్బంది కాదు. ఇలాగే ఆకులు తినే అమెజాన్ సిక్లిడ్ ఉవారుకైతే ఖనిజాలు తక్కువున్న మెత్తటి నీళ్లు కావాలి. ఒంటరి కరిమీన్ బెదురుతుంది, అయిదారు పిల్లల్ని కలిపి పెంచాలి. పెద్దయ్యాక వాటికి ఆరడుగుల ట్యాంకైనా ఉండాలి. ఆకు తినే చేప రెట్ట ఎక్కువ వేస్తుంది, అమ్మోనియా త్వరగా పేరుకుంటుంది. పెద్ద ఫిల్టరు పెట్టి, వారం వారం మూడోవంతు నీళ్లు మార్చాల్సిందే.

తోడుగా దీని చిన్న చుట్టం ఆరెంజ్ క్రోమైడ్‌ని వేయొచ్చు. అది కరిమీన్ ఒంటి మీది పరాన్నజీవులను ఏరి తింటుంది. అవకాశం దొరికితే కరిమీన్ గుడ్లనూ తినేస్తుంది. పిల్లల్ని చేయించాలనుకుంటే మాత్రం దాన్ని వేరే ట్యాంకులో ఉంచండి.