210 కోట్లా, 440 కోట్లా?

సురక్షితమైన తాగునీరు అందనివాళ్లు ప్రపంచంలో ఎంతమంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 2025 ఆగస్టులో ఇచ్చిన నివేదిక 210 కోట్లంది. దానికి ఏడాది ముందు ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం 440 కోట్లని తేల్చింది. ఇది 2020 నాటి లెక్క, అదీ 135 అల్ప, మధ్యాదాయ దేశాలకే. అదే 2020కి ఆ రెండు సంస్థల అధికారిక సంఖ్య 200 కోట్లు. రెట్టింపుకు పైగా తేడా.

గొడవకు మూలం 2015 నాటికి చేరాలని ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న సహస్రాబ్ది లక్ష్యాల కొలబద్దలో ఉంది. లక్ష్యంలో రాసుకున్నది ‘సురక్షితమైన తాగునీరు’. కొలిచింది మాత్రం నీటిని కాదు, నీళ్లొచ్చే చోటును. కుళాయో, బోరో, మూతవేసిన బావో ఉంటే అది ‘మెరుగైన వనరు’, ఆ ఇల్లు లెక్కలో పాస్. నీళ్లెక్కడివని సర్వేవాళ్లు అడిగారు, అందులో ఏముందో చూడలేదు. దేశదేశాన నీటిని పరీక్షించడం ఖర్చుతో కూడిన పని అన్నది అప్పటి సమాధానం. అందులో అబద్ధమేమీ లేదు.

అయితే బంగ్లాదేశ్ అనుభవం అప్పటికే కళ్లముందుంది. చెరువు నీళ్లతో వచ్చే విరేచనాల నుంచి పిల్లల్ని కాపాడాలని 1970ల నుంచి యూనిసెఫ్ సాయంతో అక్కడ గొట్టపుబావులు వేశారు. 1993లో వాటి నీళ్లలో ఆర్సెనిక్ అనే విషం బయటపడింది. 3.5 కోట్ల నుంచి 7.7 కోట్ల మందికి ముప్పుందని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికే అచ్చువేసింది. ఆ నీళ్లు తేటగా ఉంటాయి, రుచిలో తేడా తెలీదు.

అయినా 2012 మార్చిలో, గడువుకు ఐదేళ్ల ముందే లక్ష్యం చేరుకున్నామని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. నాణ్యత కొలవలేదు కాబట్టి సురక్షిత నీరు తాగేవాళ్ల సంఖ్య ఎక్కువగా పడి ఉండొచ్చని ఆ నివేదికలోనే ఉంది. పతాక శీర్షికలకు ఆ వాక్యం ఎక్కలేదు.

2015లో కొలబద్ద మారింది. నీళ్లు ఇంటి ఆవరణలోనే ఉండాలి, కావలసినప్పుడు రావాలి, మల కాలుష్యం గానీ ఆర్సెనిక్, ఫ్లోరైడ్ గానీ ఉండకూడదు. 2015లో మెరుగైన వనరు లేనివాళ్లు 66.3 కోట్లన్నారు. 2017లో అదే ఏడాదికి కొత్త లెక్క వేస్తే 210 కోట్లయింది. ఈలోగా నీళ్లేమీ పాడవలేదు.

కొత్త సర్వేల్లో ‘మీరు తాగే నీళ్లు ఒక గ్లాసు ఇవ్వండి’ అని అడుగుతారు. అందులో 100 మిల్లీలీటర్లు వడపోసి, ఆ వడపోత కాగితాన్ని బ్యాక్టీరియా పెరిగే చిన్న పళ్లెంలో పెట్టి, వెచ్చగా ఒక రోజు ఉంచుతారు. నీలం చుక్కలు తేలితే ఇ.కోలి, అంటే మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా, ఉన్నట్టే.

‘సైన్స్’ బృందం ఇలాంటి సర్వేలనే ఆధారం చేసుకుంది. సమాచారం 27 దేశాల ఇళ్లదే, మిగతాది ఉపగ్రహ సమాచారంతో కట్టిన అంచనా అని ఆక్షేపించవచ్చు, సబబే. కానీ నాణ్యత విషయంలో 2020 అధికారిక లెక్కకూ ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది సమాచారమే ఆధారం. పైగా చాలాచోట్ల మూడు షరతుల శాతాలు విడివిడిగా చూసి, అన్నిటికన్నా తక్కువ దాన్ని తీసుకుంటారు. ఒక ఇంట్లో నీళ్లు శుభ్రమే గానీ రోజూ రావు, పక్కింట్లో రోజూ వస్తాయి గానీ శుభ్రం కావు. విడివిడిగా చూస్తే రెండు షరతులూ సగం చొప్పున నెగ్గాయి కాబట్టి లెక్క సగం అంటుంది. ఒకే ఇంట్లో అన్నీ ఉన్నాయా అని అడిగితే సున్నా.

440 కోట్లలో పెద్ద వాటా ఇ.కోలిదే. ఆ దేశాల్లో దాదాపు సగం మంది నీళ్లలో అది ఉందని అధ్యయనం అంచనా. పైపు వేసినంత మాత్రాన ఇది పోదు. సరఫరా ఆగిన గంటల్లో పైపులో పీడనం పడిపోయి, పగుళ్లలోంచి పక్కనున్న మురుగు లోపలికి వస్తుంది. మళ్లీ కుళాయి తిప్పినప్పుడు ముందు వచ్చేది అదే.