పేగు బ్యాక్టీరియా మంచిదే, కానీ బీపీ మాత్ర ఆపకండి

ఈ మధ్య ఓపీలో చీటీతో పాటు ఫోన్ కూడా నా ముందుకు జరుపుతున్నారు. "సార్, ఈ వీడియో ఒక్కసారి చూడండి. పక్షవాతానికి అసలు కారణం పేగుల్లోనే ఉందట కదా?" అందులో సగం నిజం ఉంది. చిక్కంతా ఆ సగంతోనే.

అపోహ: పేగులు శుభ్రపడితే స్ట్రోక్ (పక్షవాతం) రాదు, ఇక మాత్రలెందుకు?

ముందు ఆ సగం నిజం సంగతి చూద్దాం. గుడ్డు సొన, మాంసంలో ఉండే కోలిన్, కార్నిటిన్ అనే పోషకాలను పేగుల్లోని కొన్ని బ్యాక్టీరియా టీఎంఏ (ట్రైమిథైలమైన్) అనే రసాయనంగా మారుస్తాయి. అది కాలేయానికి చేరి టీఎంఏఓ అనే మరో రసాయనం అవుతుంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో స్టాన్లీ హేజెన్ బృందం సుమారు 4,000 మందిని మూడేళ్లు గమనించింది. టీఎంఏఓ ఎక్కువున్నవాళ్లలో గుండెపోటు, స్ట్రోక్, మరణాలు ఎక్కువని 2013లో ప్రకటించింది. టీఎంఏఓ వల్ల రక్తాన్ని గడ్డకట్టించే కణాలు, అంటే ప్లేట్‌లెట్లు, తొందరగా గడ్డకడతాయని 2016లో చూపించింది. టీఎంఏ తయారుచేసే జన్యువున్న బ్యాక్టీరియాను పేగుల్లోకి ఎక్కిస్తే స్ట్రోక్ దెబ్బ పెద్దదవుతుందని 2021లో తేల్చింది. ఎలుకల్లో. వీడియోల్లో ఎగిరిపోయేది ఈ ఒక్క ముక్కే.

ప్రోబయోటిక్ (మంచి బ్యాక్టీరియా ఉండే) క్యాప్సూల్ మనుషుల్లో స్ట్రోక్‌ను ఆపిందని ఇప్పటిదాకా ఏ పెద్ద ట్రయల్ చూపించలేదు. బీపీ సంగతి అలా కాదు. పై అంకె 10 తగ్గితే స్ట్రోక్ ముప్పు పావు వంతుకు పైగా తగ్గుతుంది. అదీ చవకగా దొరికే మాత్రతో.

రైస్ మిల్లులో గుమస్తాగా చేసే ఒకాయనకు చిన్న స్ట్రోక్ వచ్చి కొన్ని గంటల్లోనే సర్దుకుంది. బీపీ మాత్ర, యాస్పిరిన్ రాసి పంపాను. కొన్నాళ్లకు కుడి చెయ్యి, కాలు పడిపోయి, మాట పోయి వచ్చాడు. భార్య సంచి తీసి బల్ల మీద కుమ్మరించింది. సగం వాడిన మాత్రల షీటు, పక్కనే అడుగంటిన 'పొట్ట శుద్ధి' పొడి డబ్బా. "మాత్రలు వేడి చేస్తాయన్నారండి, పొట్ట బాగుంటే చాలన్నారు" అంది. ఆవిణ్ణి ఏమనగలం? భయపడ్డ మనిషి ధైర్యం చెప్పినవాడి మాటే వింటుంది. ఆ పొడి ఖరీదుకు మూడు నెలల మాత్రలు వచ్చేవి.

ఆ పొద్దున మూతి వంకరపోతే ఇంట్లోవాళ్లు గ్యాస్ పట్టేసిందనుకుని సోడా తాగించారు. స్ట్రోక్‌లో మింగే శక్తి కూడా దెబ్బతింటుంది, నోట్లో పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్లు, మజ్జిగ, పసరు ఏదీ పొయ్యకండి. మెదడు రక్తనాళంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు, లక్షణాలు మొదలైనప్పటి నుంచి సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్లమని అడగండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

గుడ్డు మానెయ్యాలా? అక్కర్లేదు. గుడ్డు కన్నా చేప తిన్నప్పుడే టీఎంఏఓ ఎక్కువ పెరుగుతుంది. అలాగని చేపలు తింటే స్ట్రోక్ వస్తుందని ఎవరూ అనరు. కిడ్నీలు సరిగా పనిచేయకపోయినా అది పెరుగుతుంది. ఒక్క అంకె చూసి టెన్షన్ పడొద్దు.

స్ట్రోక్ వచ్చాక వేలకు వేలు పోసి మల పరీక్ష చేయించి, "కారణం దొరికింది" అంటున్నారు. స్ట్రోక్ వచ్చిందంటే పేగుల కదలిక మందగిస్తుంది, బ్యాక్టీరియా తీరు మారిపోతుంది. అప్పుడు కనిపించే తేడా కారణమా, ఫలితమా ఆ రిపోర్టు చెప్పలేదు.

యాంటీబయాటిక్స్‌తో పేగు కడిగేస్తామనే మాట అయితే వినను కూడా వినను.

పేగు బ్యాక్టీరియాకు నిజంగా మేలు చెయ్యాలనుంటే జొన్న రొట్టె, పప్పులు, ఆకుకూరలు తినండి. వాటి పీచును పులియబెట్టి బ్యాక్టీరియా బ్యూటిరేట్ లాంటివి తయారుచేస్తాయి, పేగు గోడకు అది తిండి. ఆవకాయ కూడా ప్రోబయోటిక్కే అని ఈ మధ్య కొత్త ప్రచారం. కానీ అందులో ఉప్పెక్కువ, ఉప్పు బీపీని పెంచుతుంది. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉప్పు, అంటే ఒక చిన్న చెంచాడు. పెరుగన్నంలో నంజుకునే ముక్కను కూడా ఆ లెక్కలోనే వేసుకోండి.